సాక్షి మాట మార్చిన రోజు మనం ఎక్కడున్నాం?

(తెనాలిలో న్యాయశాస్త్ర విద్యార్థులు, ఊరి పెద్దలు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక సీనియర్ క్రిమినల్ న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పెద్దవాళ్లు ఏమీ అనుకోరు. రండి.

నన్ను పిలిచినవాళ్లు ఒక ప్రశ్న ఇచ్చి మాట్లాడమన్నారు. పేరుమోసిన హత్య కేసులో ముద్దాయిని వదిలేస్తే జనం రోడ్డెక్కుతారు కదా, ఆ కోపం న్యాయమేనా అని. న్యాయమే. మనిషి చచ్చిపోయాడు, చంపినవాడు లేడంటే కోపం రాకుండా ఎలా ఉంటుందండీ? రాకపోతేనే మనం భయపడాలి. ఆ కోపాన్ని తప్పు పట్టడానికి నేను రాలేదు. అది ఎప్పుడు వస్తోంది, వచ్చి ఎవరి మీద పడుతోంది అన్నదే నా బాధ. ముప్పై ఏళ్లుగా సెషన్స్ కోర్టుల్లో, అంటే హత్యల్లాంటి పెద్ద కేసులు విచారించే కోర్టుల్లో, తిరుగుతున్నాను. కొన్నేళ్లు ప్రభుత్వం తరఫున పీపీగా, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా చేశాను, మిగతా కాలం ముద్దాయిల తరఫున వాదించాను. రెండు వైపులా నిలబడ్డవాడి మాటగా వినండి.

ముందు ఢిల్లీ వెళ్దాం. జెస్సికా లాల్ పేరు విన్నారా? ఇక్కడున్న పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. 1999 ఏప్రిల్ 29 రాత్రి, తెల్లవారితే 30. మెహ్రౌలీలో కుతుబ్ మినార్ దాపులో ఒక రెస్టారెంటులో పార్టీ జరుగుతోంది. పెద్ద పెద్దవాళ్లు వచ్చిన పార్టీ. జెస్సికా మోడల్. ఆ రాత్రి అక్కడ బార్ కౌంటర్ దగ్గర పనిచేస్తోంది. రెండు గంటల వేళ నలుగురు కుర్రాళ్లు వచ్చి మందు పోయమన్నారు. బార్ మూసేశాం, లేదు అన్నది. అంతే ఆమె చేసిన నేరం. లేదు అన్నందుకు ఒకడు పిస్తోలు తీశాడు. ఒక గుండు పైకప్పుకి కొట్టాడు, రెండోది ఆమె తలకి.

ఆ పిస్తోలు తీసినవాడు మను శర్మ. తండ్రి వినోద్ శర్మ, హర్యానా కాంగ్రెస్ నాయకుడు, కేంద్రంలో మంత్రిగా చేసినవాడు. అంతమంది ఉన్న చోట హత్య జరిగింది. చూసినవాళ్లున్నారు, కాల్చినవాణ్ణి ఆపి నిలదీసిన ఆ రెస్టారెంటు ఆవిడ ఉంది. ఇంతకంటే తేలిక కేసు ఉంటుందా అనిపిస్తుంది మీకు. నాకూ అలాగే అనిపించింది, పేపర్లో చదివినప్పుడు.

2006 ఫిబ్రవరి 21న తీర్పు వచ్చింది. తొమ్మిది మంది ముద్దాయిల మీదా కేసు కొట్టేశారు. తొమ్మిది మందీ నిర్దోషులే. మర్నాడు ఒక ఇంగ్లిష్ పేపరు, జెస్సికాని ఎవరూ చంపలేదు అని శీర్షిక పెట్టింది. దేశం అట్టుడికిపోయింది. ఇండియా గేట్ దగ్గర కొవ్వొత్తులు. ఒక టీవీ చానల్ ఎస్సెమ్మెస్‌లు పంపమంటే లక్షల్లో వచ్చాయి. అప్పట్లో వాట్సాప్ లేదు బాబూ, ఒక్కో మెసేజికీ డబ్బు కట్టాలి, అయినా పంపారు. నేనూ పంపాను.

ఇప్పుడు ఒక్క తేదీ చెప్తాను, రాసుకోండి. 2001 మే. ఆ కేసులో ఎఫ్‌ఐఆర్ ఎవరి మాట మీద కట్టారో ఆ కుర్రాడు, ఆ రాత్రి జెస్సికా పక్కనే కౌంటర్ దగ్గర ఉన్నవాడు, కోర్టుకి వచ్చి బోనెక్కాడు. ఎక్కి ఏం చెప్పాడు? నేను ఇంగ్లిష్‌లో చెప్పాను, పోలీసులు హిందీలో రాసుకున్నారు, నాకు హిందీ చదవడం రాదు అన్నాడు. అక్కడితో ఆగలేదు. ఇద్దరు కాల్చారు, రెండు తుపాకులు అన్నాడు. ఒక్క మాటతో కేసు నడుం విరిగింది.

2001 మేలో జరిగింది ఇది. తీర్పు 2006 ఫిబ్రవరిలో. మధ్యలో నాలుగేళ్ల తొమ్మిది నెలలు. బహిరంగ కోర్టులో, అందరి ఎదుటా, ముఖ్యసాక్షి మాట మార్చాడు. ఆ సాయంత్రం ఇండియా గేట్ దగ్గరికి ఎవరైనా వెళ్లారా? ఎవరైనా కొవ్వొత్తి వెలిగించారా? నేను ఎస్సెమ్మెస్ పంపానా? పంపలేదు. నాకసలు తెలియదు. ఒకడి తర్వాత ఒకడు ఎదురు తిరిగారు. హాస్టైల్ అంటాం మేము. ప్రాసిక్యూషన్, అంటే ప్రభుత్వం తరఫు, పిలిచిన సుమారు వంద మందిలో ముప్పై మందికి పైగా. అందరూ ఒకే రోజున మారలేదు కదండీ. వాయిదా తర్వాత వాయిదాకి, ఏళ్ల తరబడి మారుతూ వచ్చారు. తీర్పు ఆ రోజు చదివారు గానీ, ఆ తీర్పుని రాయడం మొదలుపెట్టింది చాలా ముందు.

ఇంకా వెనక్కి వెళ్దాం. తుపాకీ. పోలీసులకి ఆ తుపాకీ దొరకలేదు. ఈనాటికీ దొరకలేదు. పైకప్పుకి తగిలిన గుండు, తలకి తగిలిన గుండు, ఆ రెండు తూటాల ఖాళీ గుళ్లు మాత్రమే దొరికాయి. వాటిని చూసిన నిపుణుడు రెండూ వేరువేరు తుపాకులవిలా ఉన్నాయని చెప్పాడు. సాక్షి చెప్పిన రెండు తుపాకుల కథకి ఇది చక్కగా అతికింది. తుపాకీ ఉంటే ఈ గొడవే లేదు కదా? తుపాకీ ఎప్పుడు దొరకాలి? మొదటి రెండు మూడు రోజుల్లో దొరకాలి. అప్పుడు దొరకనిది ఏడేళ్ల తర్వాత జడ్జిగారు తీర్పులో పుట్టించగలరా?

నేను ఆ సెషన్స్ తీర్పుని వెనకేసుకు రావడం లేదు, అపార్థం చేసుకోకండి. అది తప్పు తీర్పు. ఢిల్లీ హైకోర్టు అదే అన్నది. పోలీసులు అప్పీలు వేశారు, హైకోర్టు రోజువారీగా విన్నది, 2006 డిసెంబర్ 18న మను శర్మని దోషిగా తేల్చి, రెండు రోజుల తర్వాత యావజ్జీవం వేసింది. 2010 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మాట మార్చినవాళ్లకి అబద్ధపు సాక్ష్యం కింద నోటీసులు కూడా వెళ్లాయి.

లా పిల్లలు ఇక్కడ ఒక్కటి గమనించాలి. హైకోర్టులో కొత్త సాక్షి వచ్చాడా? రాలేదు. తుపాకీ దొరికిందా? లేదు. అదే ఫైలు. అవే కాగితాలు. మాట మార్చని సాక్షులు కొందరున్నారు. ఆ రెస్టారెంటు నడిపిన బీనా రమణి, పార్టీకి వచ్చిన మరి కొందరు, తాము చూసింది చూసినట్టు చెప్పి నిలబడ్డారు. కింది కోర్టు వాళ్ల మాటకి ఇవ్వాల్సిన విలువ ఇవ్వలేదు. హైకోర్టు ఇచ్చింది. అంటే జనం కోపం ఏం చేసింది? సాక్ష్యం తెచ్చిందా? తేలేదు. తేలేదు, తేకూడదు కూడా. ఫైలు మళ్లీ తెరిపించింది. తొందరగా తెరిపించింది. లేకపోతే ఆ అప్పీలు ఎన్నేళ్లు బీరువాలో పడి ఉండేదో మాకు తెలుసు. కోపానికి ఆ మేరకే పని. అంతకు మించి, ఫలానావాడికి శిక్ష వేసి తీరాలి అని కోర్టు మీదకి వెళ్తే అది ప్రమాదం. సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులోనే మీడియా విచారణ గురించి హెచ్చరించింది, నేరం రుజువయ్యేదాకా ముద్దాయిని నిర్దోషిగానే చూడాలనే సూత్రానికి దెబ్బ తగలకూడదని. ఎందుకు ప్రమాదమో కాసేపట్లో చెప్తాను. దానికి మనం ఢిల్లీ వెళ్లక్కర్లేదు.

ముందు నా సొంత సంగతి ఒకటి చెప్పనివ్వండి. ఏ ఊరు, ఏ కోర్టు అని అడగకండి. నేను పీపీగా ఉన్న రోజులు. పట్టపగలు సందులో ఒకతన్ని నరికి చంపారు. సందు మొదట్లో టీ బడ్డీ. ఆ బడ్డీ నడిపే ఆవిడ చూసింది. పోలీసులకి వివరంగా చెప్పింది, వాళ్లు రాసుకున్నారు. మీకు తెలుసు, పోలీసులకి ఇచ్చే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, తీసుకోకూడదు. దాన్ని సాక్ష్యంగా చదవడానికీ వీల్లేదు. మాట మారిస్తే, అప్పుడు ఇలా చెప్పావు కదా అని అడగడానికి తప్ప పనికిరాదు. మేజిస్ట్రేటు దగ్గర వాంగ్మూలం ఇప్పించి ఉంటే కొంత బలం ఉండేది. ఇప్పించలేదు. ఎందుకు ఇప్పించలేదని అడిగితే ఆ దర్యాప్తు అధికారి, అవసరం లేదనుకున్నామండీ అన్నాడు.

విచారణ నాలుగేళ్లకి పైగా తర్వాత మొదలైంది. ఆవిడకి సమన్లు వెళ్లాయి. వచ్చింది. ఆ రోజు జడ్జిగారు సెలవు. రెండోసారి వచ్చింది, ముద్దాయి లాయరు వాయిదా అడిగాడు. మూడోసారి వచ్చింది, ముద్దాయిల్లో ఒకడు రాలేదు. ప్రతిసారీ ఆవిడ ఎక్కడ కూర్చుంటుంది? వరండాలో, గోడవార. అదే వరండాలో ముద్దాయిల బంధువులు, వాళ్ల మనుషులు పదిహేను ఇరవై మంది. ఆవిడ పక్కన ఎవరు? ఎవరూ లేరు. బడ్డీ మూసుకుని రావాలి, ఆ రోజు కూలి పోతుంది, చేతిలో పెట్టే బత్తా చార్జీలకి సరిపోదు. అయిదో వాయిదాకి బోనెక్కింది. ప్రమాణం చేయించాక నేను అడిగాను, ఏం చూశావమ్మా అని. ఏమీ చూడలేదండీ అన్నది. తల ఎత్తలేదు. నేను రూలు ప్రకారం హాస్టైల్ డిక్లేర్ చేయించి, పోలీసు వాంగ్మూలంలోది ఒక్కో ముక్కా అడిగాను. చెప్పలేదు, చెప్పలేదు, చెప్పలేదు. అంతే.

మధ్యాహ్నం భోజనాల వేళ చెట్టు కింద కనబడింది. నాకు కోపం ఆగలేదు. ఎందుకిలా చేశావమ్మా అని అడిగాను. ఆవిడ అన్న మాట నేను మర్చిపోలేను. "బాబూ, మీరు సాయంత్రం మీ ఇంటికెళ్లిపోతారు. నేను రేప్పొద్దున ఆ సందులోనే పంపు దగ్గర బిందె పెట్టాలి." నా దగ్గర సమాధానం లేదు.

కేసు కొట్టేశారు. తీర్పు రోజు కోర్టు బయట పెద్ద ధర్నా జరిగింది. అమ్ముడుపోయారని నినాదాలు. నన్నూ అన్నారు, జడ్జిగారినీ అన్నారు, ఆ టీ బడ్డీ ఆవిడని నానా మాటలూ అన్నారు. నేను ఆ జనంలో మొహాలు వెతికాను. అయిదు వాయిదాల్లో ఒక్కసారైనా ఆవిడ పక్కన వచ్చి కూర్చున్న మొహం ఒక్కటి కూడా కనబడలేదు. మీరు నలుగురు వచ్చి ఆ వరండాలో ఆవిడ పక్కన కూర్చుని ఉంటే, ఆవిడ చూసింది చెప్పేదేమో. నేనిది ఇప్పటికీ అనుకుంటాను.

ఇక చుండూరు. ఇక్కడ కూర్చుని చుండూరు మాట ఎత్తకుండా పోతే నేను మీ మొహం చూడలేను. రైలెక్కితే నాలుగు మాటలు మాట్లాడుకునేలోపు వచ్చే ఊరు. 1991 ఆగస్టు 6. అంతకు ముందు సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు అగ్రకులం కుర్రాడికి తగిలింది. అక్కడ మొదలైన గొడవ సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆఖరికి ఆ రోజున పొలాల్లోకి తరిమి తరిమి ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. పోలీసులు ఊళ్లో ఉండగానే జరిగింది. ఇక్కడున్న పెద్దవాళ్లలో కొందరు ఆ వారం రోజులూ కళ్లారా చూసినవాళ్లున్నారు. మీరు తల ఊపుతున్నారు, నాకు కనబడుతోంది.

ఇందాక ఢిల్లీ గురించి, తీర్పు రోజున తప్ప కోపం రాలేదు అన్నాను కదా. చుండూరు వాళ్లని ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. వాళ్లు మొదటి రోజు నుంచీ మేలుకునే ఉన్నారు. చనిపోయినవాళ్లని ఊరి నడిబొడ్డున పూడ్చిపెట్టుకుని దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. మా కేసు మా ఊళ్లోనే విచారించాలి, మా సాక్షులు భయపడకుండా మా మధ్యలోనే చెప్పాలి అని పట్టుబట్టారు. సాధించారు. ఎస్సీ, ఎస్టీల మీద దాడులకి శిక్ష వేసే అట్రాసిటీ చట్టం కింద నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టడం మామూలు సంగతి కాదు. 2004 చివర్లో విచారణ మొదలైంది. నూట డెబ్బై తొమ్మిది మంది ముద్దాయిలు. స్పెషల్ పీపీ బి. చంద్రశేఖర్‌గారు ఆ కేసు నడిపించారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు వచ్చి పదమూడేళ్ల నాటి మాట చెప్పారు. చెప్పి నిలబడ్డారు. నేను చెప్పిన టీ బడ్డీ ఆవిడకి లేని తోడు వాళ్లకి ఉంది. పేట పేటంతా తోడుంది. 2007 జూలై 31న తీర్పు. ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్పై అయిదు మందికి ఏడాది శిక్ష.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ యాభై ఆరు మంది మీదా కేసు కొట్టేసింది. చనిపోయిన సమయం కచ్చితంగా రుజువు కాలేదు, ఫలానా చోట చంపారని రుజువు కాలేదు, దాడి చేసింది ఫలానావాళ్లేనని రుజువు కాలేదు అన్నది.

లాయరు కూడా కోర్టు అధికారి కిందే లెక్క. తీర్పుని విమర్శించవచ్చు, జడ్జికి దురుద్దేశాలు అంటగట్టకూడదు. ఆ గీత దాటను. కానీ ఒక న్యాయవాదిగా నాకున్న అభిప్రాయం ఇక్కడ దాచుకుంటే ఈ సభకి రావడం ఎందుకు? నా అభిప్రాయంలో ఆ సాక్ష్యాన్ని చదివిన పద్ధతి సరైంది కాదు. వందల మంది కత్తులూ బరిసెలూ పట్టుకుని తరుముతుంటే, పొలం గట్ల వెంట ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తే మనిషి గడియారం చూసుకుంటాడా? ఎవడు ఎన్నో దెబ్బ కొట్టాడో లెక్క రాసుకుంటాడా? ఈ మాట నేను కనిపెట్టింది కాదు. 1964లోనే మసాల్తీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుంపుగా వచ్చి చంపినప్పుడు ఒక్కొక్కరు ఏం చేశారో సాక్షులు కచ్చితంగా చెప్పలేరు, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఒకే మాట మీద నిలిస్తే నమ్మవచ్చు అని. లా పిల్లలు ఆ తీర్పు, హైకోర్టు తీర్పు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. చదివి మీకు నాతో ఏకీభావం లేకపోతే నా దగ్గరికి వచ్చి చెప్పండి, వాదించుకుందాం. కేసు సుప్రీంకోర్టు గడప ఎక్కింది.

ఇంకొకటి అడగనివ్వండి. జెస్సికా కేసు కొట్టేస్తే దేశమంతా కదిలింది. చుండూరు కేసు కొట్టేసినప్పుడు? దళిత సంఘాలు, పౌరహక్కులవాళ్లు రోడ్డెక్కారు. గుంటూరులో, హైదరాబాద్‌లో సభలు జరిగాయి. లక్షల ఎస్సెమ్మెస్‌లు రాలేదు. టీవీ వాళ్లు రాత్రి తొమ్మిదింటికి చర్చలు పెట్టలేదు. ఒక అమ్మాయి ప్రాణం, ఎనిమిది మంది కూలీల, రైతుల ప్రాణాలు. ఆ అమ్మాయి మీద నాకు ఎంత బాధో వీళ్ల మీదా అంతే బాధ. కోపానికి కూడా కులం, తరగతి ఉంటాయా అని ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు. మీరు ఆలోచించండి.

ఇప్పుడు ఇందాక ప్రమాదం అన్నానే, ఆ సంగతి. ఇదీ తెనాలి బిడ్డ సంగతే. 2007 డిసెంబర్ 27. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ప్రైవేటు హాస్టల్లో ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయి. పేరు మీకందరికీ తెలుసు. నేను చెప్పను. అలాంటి నేరానికి గురైనవాళ్ల పేరు బయటపెట్టకూడదని చట్టం. వాళ్లమ్మ ధైర్యంగా ఆ పేరుతోనే పోరాడుతోంది, అది ఆమె హక్కు. నాది కాదు.

ఆ కేసులో జనం కోపం మొదటి రోజే వచ్చింది. ఎవర్నో ఒకర్ని పట్టుకోండి అని. పెద్ద ఇళ్ల పిల్లల పేర్లు ఊరంతా గుసగుసలాడుకుంది. ఒత్తిడి పెరిగింది, పెరిగింది, పెరిగింది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ దగ్గర పల్లెటూరి కుర్రాణ్ణి, పేదవాణ్ణి తెచ్చి ఇడుగో హంతకుడు అన్నారు. ఆ కన్నతల్లి ఏమన్నది? కూతుర్ని పోగొట్టుకున్న తల్లి, వీడు కాదు అన్నది. మీకు అర్థమవుతోందా? కూతురు పోయిన దుఃఖంలో కూడా, దొరికినవాడే చాలు అనుకోలేదు. 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. జైల్లోనే నరాల జబ్బు ముదిరింది, నడవలేని స్థితి. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలింది. ఊరికే వదల్లేదు. లక్ష రూపాయలు ఇవ్వమన్నది, ఆ దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమన్నది. ఎనిమిదిన్నరేళ్ల జైలు. లక్ష రూపాయలు.

అది కూడా కేసు కొట్టివేతే. అక్కడ కొట్టేయడమే న్యాయం. అయినా కోపం రావాలా, వద్దా? రావాలి. ఆ కుర్రాడి కోసం రావాలి, ఆ తల్లి కోసం రావాలి. ఎందుకంటే అసలువాడు ఎవడో ఆమెకి ఎవరూ చెప్పలేదు. 2018లో హైకోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది. ఇచ్చేసరికి ఏమైంది? విజయవాడ కోర్టులో ఉండాల్సిన వస్తువులు, రికార్డులు ధ్వంసం చేసేశారని తేలింది. చివరికి 2019 డిసెంబర్‌లో ఇదే తెనాలి శ్మశానంలో ఆ అమ్మాయి సమాధి తవ్వి పన్నెండేళ్ల తర్వాత మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఆ రోజు ఆ గోడ బయట నిలబడ్డవాళ్లు ఈ హాల్లో ఉండే ఉంటారు.

ఎవర్నో ఒకర్ని పట్టుకోండి అని అరిస్తే పోలీసులు ఎవర్నో ఒకర్ని పట్టుకొస్తారు. అందుకని అలా అరవకండి. ఏం అడగాలో అడగండి. ఏం అడగాలి? 2014 జనవరి 7న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గుజరాత్ రాష్ట్రం వర్సెస్ కిషన్‌భాయ్. ఆరేళ్ల పసిపాపని పాడుచేసి చంపిన కేసు. సెషన్స్‌లో ఉరిశిక్ష, హైకోర్టులో విడుదల, సుప్రీంకోర్టు కూడా విడుదలే ఖాయం చేసింది. దర్యాప్తు అంత అధ్వాన్నంగా ఉంది. కానీ ఆ న్యాయమూర్తుల మనసు ఊరుకోలేదు. కేసు కొట్టేశారంటే రెండింట్లో ఒకటి జరిగింది అన్నారు. నేరం చేసినవాడు తప్పించుకున్నాడు, లేదా చేయనివాణ్ణి ఇన్నాళ్లు తిప్పారు. ఏదైనా వ్యవస్థ ఓడినట్టే. కాబట్టి ప్రతి రాష్ట్రంలో హోం శాఖ పోలీసు, ప్రాసిక్యూషన్ పెద్ద అధికారులతో కమిటీ పెట్టాలి, కొట్టేసిన ప్రతి కేసునీ చూడాలి, తప్పెక్కడ జరిగిందో రాయాలి, తప్పు చేసిన అధికారిని పేరు పెట్టి తేల్చి శాఖాపరమైన చర్య తీసుకోవాలి అని ఆదేశించారు.

ఇక్కడున్నవాళ్లలో ఈ తీర్పు సంగతి తెలిసినవాళ్లు చేయెత్తండి. ఇద్దరు. లా పిల్లలు కూడా ఎత్తలేదు, ఫర్వాలేదు, నేర్చుకోవడానికే కదా వచ్చాం. తీర్పు రోజు ధర్నా చేసేవాళ్లు ప్లకార్డు మీద ఉరి తీయాలి అని రాస్తారు. కిషన్‌భాయ్ కమిటీ ఈ కేసు మీద ఏం రాసింది, బయటపెట్టండి అని రాసిన ప్లకార్డు నేను ఇంతవరకూ చూడలేదు. తుపాకీ ఎందుకు దొరకలేదు? ముఖ్యసాక్షిని మేజిస్ట్రేటు దగ్గరికి ఎందుకు తీసుకెళ్లలేదు? కోర్టులో భద్రంగా ఉండాల్సిన వస్తువులు ఎవరు ధ్వంసం చేశారు? అధికారికి చెమట పట్టించేవి ఈ ప్రశ్నలు.

చట్టంలో కొన్ని మంచి మార్పులు రాలేదని కాదు. 2009 డిసెంబర్ 31 నుంచి బాధిత కుటుంబం తనంతట తాను విడుదల తీర్పు మీద అప్పీలుకి వెళ్లవచ్చు, ప్రభుత్వం దయ కోసం ఎదురు చూడనక్కర్లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు వచ్చిన కొత్త చట్టంలో కూడా ఆ హక్కు ఉంది. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆమోదించి అన్ని రాష్ట్రాలూ పాటించాలన్నది. బెదిరింపు వస్తే సాక్షి జిల్లా స్థాయి అధికారులకి అర్జీ పెట్టుకోవచ్చు, పోలీసు కాపలా అడగవచ్చు, ముద్దాయి కంటపడకుండా సాక్ష్యం చెప్పే ఏర్పాటు అడగవచ్చు. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్లు నేరం జరిగిన చోటికి రావాలని 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం చెప్తోంది. కాగితం మీద బాగున్నాయి. కానీ ఆ టీ బడ్డీ ఆవిడకి ఈ పథకం ఉందని ఎవరు చెప్తారు? అర్జీ ఎవరు రాసి పెడతారు? మీరు రాసి పెట్టాలి. లా చదివే పిల్లలు, మీరే.

టైము అయిందని పెద్దాయన సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం. సెషన్స్ కోర్టు అంటే బహిరంగ కోర్టు. అత్యాచారం లాంటి కేసుల్లో తలుపు వేస్తారు, మిగతా హత్య కేసుల విచారణ ఎవరైనా వెళ్లి కూర్చుని వినవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫోను ఆపేసి, మాట్లాడకుండా కూర్చుంటే చాలు. వెనక రెండు బెంచీలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. సోమవారం నాకు సెషన్స్ కోర్టులో ఒక హత్య కేసులో వాయిదా ఉంది. సాక్షులు ముగ్గురు వస్తున్నారు, అందులో ఒకావిడ పెద్ద వయసు మనిషి, ఒంటరిగా వస్తుంది. పదిన్నరకి పిలుపు మొదలవుతుంది. రాగలిగినవాళ్లు పది గంటలకే వచ్చి వరండాలో ఆవిడ పక్కన కూర్చోండి. ఏం చెప్పాలో ఆవిడకి చెప్పకండి, కేసు మాటే ఎత్తకండి, అది తప్పు. ఊరికే పక్కన కూర్చోండి.